రైఫిల్ స్కోపు కొనేముందు కడీకి బిగించి చూడుండ్రి

"మామా, 6-24×50 అంటే మంచిదేనా? ఇరవై నాలుగింతలు పెద్దగ చూపిస్తదట" అని మా అక్క కొడుకు నకిరేకల్ నుంచి ఫోన్ చేసిండు. స్కోపంటే రైఫిల్ మీద బిగించే దుర్బిణి; 6-24×50 అంటే ఆరు నుంచి ఇరవై నాలుగింతల దాక పెద్దగ చూపిస్తది, ముంగటి అద్దం 50 మిల్లీమీటర్లు. నల్లగొండల, దేవరకొండల, పాలమూరుల టార్గెట్ షూటింగ్ మీద మనసు పడ్డ పిల్లలు ఎవరు అడిగినా మొదటి ప్రశ్న ఇదే: ఎన్నింతలు?

నేను పదిహేడేండ్లు ఫౌజుల ఉన్న. ద్రాగునోవ్ స్నైపర్ రైఫిల్ మీద గురి నేర్చుకున్న. దాని మీదుండే పీఎస్‌ఓ-1 స్కోపు నాలుగింతలే. ముంగటి అద్దం 24 మిల్లీమీటర్లే. అయినా దాని టరెట్ మీద, అంటే గురిని ఎత్తి దించే తిప్పుడు బుడిపె మీద, వెయ్యి మీటర్ల దాక అంకెలుంటయి. అంటే తయారుచేసినోళ్ళు మొదలు చూసుకున్నది కొలత. తూటా దూరం పోయినకొద్ది కిందికి జారుతది. ఎంత జారుతదో అంత కొలిచి గురిని ఎత్తాలె, పని అయినంక తిప్పితే మళ్ళ మొదటి చోటికే రావాలె. ఈ ఒక్క పని సరిగ చేసే స్కోపు పదింతలదైనా చాలు. ఇది చెయ్యని స్కోపు ముప్పై ఇంతలు చూపించినా దండుగే.

పైసలు తియ్యకముందు రెండు మాటలు. పిల్లలు ఒలింపిక్స్ దారిల పోవాలనుకుంటే స్కోపు కొనొద్దు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ల, 50 మీటర్ల రైఫిల్ పోటీల స్కోపు పెట్టనియ్యరు. మన హైదరాబాద్ బిడ్డ గగన్ నారంగ్ 2012 లండన్‌ల కాంస్యం తెచ్చింది చిన్న రంధ్రంల నుంచి చూసే పీప్ సైటుతోనే. స్కోపు అవసరమయ్యేది బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కొట్టుడు), ఫీల్డ్ టార్గెట్ (ఎయిర్ రైఫిల్‌తోని వేరేవేరే దూరాల ఇనుప బొమ్మలు కొట్టుడు), .22తోని వంద, రెండు వందల మీటర్లు కొట్టే షూటింగ్ అసొంటి వాటికి. రెండోది, .177 అంగుళం బోరు (గొట్టం రంధ్రం) ఉండి 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు గని, .22 తూటా రైఫిల్‌కు 1959 ఆయుధాల చట్టం కింద కావాలె. ఏదైనా సరే కాగితం మీద, ఇనుప పలక మీద, అనుమతి ఉన్న రేంజిలనే. నల్లమల అంచున ఉన్న అచ్చంపేట, అమ్రాబాద్ పిల్లలకు ఇంకో మాట గట్టిగ చెప్తున్న: స్కోపున్న తుపాకితోని అడివి దిక్కు అడుగు పెట్టకుండ్రి. 1972 వన్యప్రాణి చట్టం ఉన్నది, అంతకంటె ముందు మనకు మనసున్నది.

ఇగ కొలత సంగతి. స్కోపుల మీద రెండు లెక్కలుంటయి. ఒకటి ఎంఓఏ, అంటే డిగ్రీల అరవయ్యో వంతు. వంద మీటర్ల కాడ 2.9 సెంటీమీటర్లు. ఇంకోటి మిల్లు, దూరంల వెయ్యో వంతు. వంద మీటర్ల కాడ సరిగ్గ 10 సెంటీమీటర్లు, రెండు వందల కాడ 20. టరెట్ తిప్పితే టిక్కుమని ఒక్కో మెట్టు జరుగుతది, దాన్నే క్లిక్కు అంటరు. మిల్లు స్కోపుల ఒక్క క్లిక్కు 0.1 మిల్లు, అంటే వంద మీటర్ల కాడ ఒక సెంటీమీటరు. మీటర్లల్ల లెక్కపెట్టే మనకు మిల్లే అల్కగుంటది. మీరు ఎంఓఏ తీసుకున్నా తప్పు కాదు, కానీ స్కోపు లోపల కనపడే గురి గీతలు, పైన టరెట్ ఒకటే లెక్కల ఉండాలె. చౌక స్కోపులల్ల లోపల మిల్లు చుక్కలు పెట్టి, పైన పావు ఎంఓఏ క్లిక్కులు పెడుతరు. ఒక మిల్లంటే 3.44 ఎంఓఏ. తూటా ఒక చుక్క కింద పడ్డదని చూసి, దాన్ని 3.44తోని గుణించి, నాలుగుతోని గుణించి, పద్నాలుగు క్లిక్కులు తిప్పేలోపల గాలి మారిపోతది. అసొంటిది ముట్టకుండ్రి.

నా మొదటి స్కోపు కథ ఇక్కడ చెప్పాలె. ఫౌజు నుంచి వచ్చినంక నా .22 కోసం పట్నంల ఒక దుకాణంల కొన్న. పెట్టె మీద అన్ని రాసి ఉన్నయి, అద్దం తేటగున్నది. 50 మీటర్ల కాడ సున్న పెడితే, అంటే గురి పెట్టిన చోటనే గుండు పడేటట్టు సరిజేస్తే, అన్ని గుండ్లు ఒక్క రూపాయి బిళ్ళ కింద దాగినయి. రెండు వందల మీటర్లకు పోయి లెక్క ప్రకారం ఎనిమిదిన్నర మిల్లులు ఎత్తి కొడితే ఒక్కటి తగల్లేదు. గాలి అనుకున్న, తూటాల పెట్టె మార్చిన, ఊపిరి సరిజేసుకున్న. నెల రోజులు తప్పు నా చేతుల ఉన్నదనుకొని తిప్పలు పడ్డ. చివరికి స్కోపును రైఫిల్ నుంచి ఊడదీసి, మా చెలక కాడికి తీసుకపోయిన.

చెలక చుట్టు రాతి కడీలున్నయి. ఒక కడీకి చెక్క దిమ్మె పెట్టి, దానికి స్కోపును రింగులతోని కదలకుంట బిగించిన. సర్వే టేపుతోని సరిగ్గ వంద మీటర్లు కొలిచి, అక్కడ వేపచెట్టుకు దర్జీ వాడే టేపు వేలాడదీసిన. మేస్త్రీలు గోడకు పట్టే గుండు దారం దాని పక్కన కట్టిన. స్కోపుల నిలువు గీత దారం మీద కూసునేటట్టు తిప్పి, అడ్డగీతను టేపుల ఒక అంకె మీద పెట్టిన. ఇప్పుడు టరెట్‌ను పది మిల్లులు తిప్పిన. గీత టేపు మీద సరిగ్గ 100 సెంటీమీటర్లు జరగాలె. జరిగింది 93. మళ్ళ మళ్ళ చేసిన, అదే 93. నూటికి ఏడు తక్కువ. ఎనిమిదిన్నర మిల్లుల మీద అది 0.6 మిల్లు. రెండు వందల మీటర్ల కాడ 12 సెంటీమీటర్లు! నేను పెట్టిన పలక వెడల్పే పది సెంటీమీటర్లు. నా చెయ్యి సరిగనే ఉన్నది, నెల రోజులు అనుమానించింది నన్ను నేను.

గందుకే చెప్తున్న, స్కోపు కొంటే వాపసు గడువు అయిపోకముందే ఈ పరీక్ష చెయ్యుండ్రి. రైఫిల్ అక్కరలేదు, తూటా అక్కరలేదు, ఒక పొద్దు చాలు. దూరం వంద మీటర్లు సరిగ ఉండాలె. 95 కాడ టేపు కడితే లెక్క అక్కడనే తప్పుతది. పది మిల్లులు పైకి, మళ్ళ సున్నకు, ఐదు కుడికి, మళ్ళ సున్నకు, ఇట్ల పది సార్లు తిప్పి చూడుండ్రి. పైకి తిప్పినప్పుడు గీత దారం ఎంబడే పోవాలె, పక్కకు వాలొద్దు. నూటికి ఒకటి అటుఇటు ఉన్నా పర్వాలేదు, కాగితం మీద రాసుకొని లెక్కల కలుపుకోవచ్చు. కానీ ఒకసారి 98, ఇంకోసారి 101 వచ్చే స్కోపును మాత్రం ఇంట్ల ఉంచుకోవద్దు. ఒకే తీరు తప్పును సరిజేసుకోవచ్చు, రోజుకో తీరు తప్పును ఏం చేస్తం?

ఇంతలు ఎన్ని కావాల్నో ఇప్పుడు మాట్లాడుదం. మే నెలల నల్లగొండల 44 డిగ్రీలు దాటుతది. మన నేలంత రాయి. పొద్దు పది దాటినంక ఆ రాయి మీద నుంచి లేచే సెగను స్కోపుల చూడుండ్రి. ఎండమావులు నీళ్ళ లెక్క పారుతుంటయి, టార్గెట్ నల్లచుక్క వాటిల మునిగి తేలుతుంటది. ఇరవై నాలుగింతలు పెడితే చుక్కతోని పాటు ఆ సెగ కూడ ఇరవై నాలుగింతలు పెద్దగైతది. గురి ఎక్కడ పెట్టాల్నో తెల్వదు. నేను పన్నెండు, పద్నాలుగుకు దించుకుంట. చుక్క అంచు మళ్ళ దొరుకుతది. చలికాలం పొద్దుగాల ఏడు గంటలకు మాత్రం ఇరవై దాక పెట్టుకున్నా అద్దం లెక్క కనపడుతది. ఇనుప పలకల మీద కొట్టేటోళ్ళకు 4-16 నిండుగ సరిపోతది. కాగితం మీద ఒకే దూరంల గుండు పక్కన గుండు పెట్టే బెంచ్‌రెస్ట్ వాళ్ళకే అంతకు పైన నిజంగ అక్కరపడుతది.

అయితే ఆ ఎండమావులను శత్రువు లెక్క చూడకుండ్రి. గాలి ఎటు పోతున్నదో చెప్పేది అవే. నిట్టనిలువుగ ఉడుకుతున్నట్టు లేస్తే గాలి లేదని, లేకపోతే గాలి మన ముఖానికో వీపుకో సూటిగ ఉన్నదని అర్థం. కుడికి వాలి పారుతుంటే గాలి కుడికి పోతున్నది. ఫోకస్ చక్రాన్ని టార్గెట్ కంటె జర దగ్గరికి తిప్పితే ఆ పారకం ఇంకా మంచిగ కనపడుతది. చూసి, మళ్ళ టార్గెట్ మీదికి తెచ్చుకొని కొట్టాలె.

ఆ పక్క చక్రాన్నే పారలాక్స్ అంటరు, సైడ్ ఫోకస్ అంటరు. మీ ఇంటి కిటికీ చువ్వను బయట కరెంటు స్తంభానికి సూటిగ పెట్టి, తలకాయ అటుఇటు ఆడించుండ్రి. చువ్వ స్తంభం మీద జరుగుతది కదా? స్కోపుల గీత, టార్గెట్ బొమ్మ ఒక్క పొర మీద కూసోకపోతే అదే జరుగుతది. చెంప ఒక్క నూలు జరిగినా గురి జరుగుతది. చక్రం తిప్పుకుంట, తల ఆడించుకుంట, గీత కదలకుంట అతికినట్టు నిలిచే చోటు పట్టుకోవాలె. చక్రం మీది అంకెను నమ్మకుండ్రి, కంటిని నమ్ముండ్రి. ఎయిర్ రైఫిల్‌కు కొనేటోళ్ళు ఈ చక్రం పది మీటర్ల దాక దిగుతదో లేదో దుకాణంలనే అడగాలె. పెద్ద రైఫిళ్ళ కోసం చేసినవి కొన్ని యాభై కంటె దగ్గరికి రావు.

అద్దం ఎట్లుందో దుకాణంల ట్యూబులైటు కింద తెల్వదు. నేనైతే మాపటికి పానగల్లు పోయి, ఉదయసముద్రం కట్ట మీద కూసొని, రైఫిల్ లేకుంట ఉట్టి స్కోపుతోని నీళ్ళ అవతల నిలబడ్డ తెల్లకొంగను చూస్త. కొంగ అంచు చుట్టు ఊదారంగు గీత మెరిస్తే అద్దం మామూలుది. ముక్కు, మెడ వంపు తేటగ తెగినట్టు కనపడితే మంచిది. పొద్దు గుంకేటప్పుడు ఇంతలు పెంచుకుంట పోతే బొమ్మ మసకైతది. అది చెడ్డ అద్దమని కాదు. ముంగటి అద్దాన్ని ఇంతలతోని భాగిస్తే కంటికి వచ్చే వెలుతురు గుండ్రం ఎంతనో వస్తది. 50ని 24తోని భాగిస్తే రెండు మిల్లీమీటర్లే, పదితోనైతే ఐదు. గందుకే 56 అద్దం కోసం అదనంగ పైసలు పెట్టుడు కంటె, అవే పైసలు మంచి టరెట్ ఉన్న 44 అద్దం మీద పెట్టుమంట.

ఫస్ట్ ఫోకల్, సెకండ్ ఫోకల్ అని అమ్మేటోళ్ళు శానసేపు చెప్తరు. మొదటిదాంట్ల ఇంతలు పెంచితే గీతలు కూడ పెరుగుతయి, గందుకే ఎన్నింతల మీదున్నా గీతల కొలత సరిగనే ఉంటది. రెండోదాంట్ల గీతలు సన్నగ అట్లనే ఉంటయి, కొలత ఒక్క ఇంత మీదనే సరి. ఒకే దూరంల కాగితం కొట్టేటోళ్ళు రెండోది, దూరాలు మార్చేటోళ్ళు మొదటిది తీసుకోవాలె. అంతే సంగతి.

.22 వాళ్ళు మరిచిపోయేది ఇంకోటున్నది. 50 మీటర్ల సున్న పెట్టిన మామూలు .22 తూటాకు వంద కాడ రెండు మిల్లుల దాక, రెండు వందల కాడ ఎనిమిది, తొమ్మిది మిల్లులు ఎత్తాలె. మీ స్కోపుకు మొత్తం తిరుగుడు 50 ఎంఓఏ ఉన్నదనుకుంటే, నడుమ నుంచి పైకి సగమే, అంటే ఏడు మిల్లుల చిల్లర. రెండు వందలు అందదు. 30 మిల్లీమీటర్ల గొట్టం ఉన్నవాటికి సాధారణంగ తిరుగుడు ఎక్కువుంటది. లేకపోతే 20 ఎంఓఏ వాలు ఉన్న రైలు (స్కోపు రింగుల కింద బిగించే పట్టీ) వేయించుకుంటే దాదాపు ఆరు మిల్లులు చేతికొస్తయి.

స్ప్రింగు ఎయిర్ రైఫిల్ ఉన్నోళ్ళు మరీ జాగ్రత్త. స్ప్రింగు ముంగటికి కొట్టేటప్పుడు రైఫిల్ ఒకసారి ఎన్కకు, మళ్ళ ముంగటికి గుంజుతది. ఎన్కకు దెబ్బను మాత్రమే ఆనే స్కోపుల గీత కొన్నాళ్ళకే విరిగి పడుతది. స్ప్రింగు రైఫిల్‌కు పనికొస్తదని కంపెనీ రాసిచ్చిందే తీసుకోవాలె.

బిగించుడు సగం పని. రైఫిల్ మీద మామూలుగ చెంప ఆనించినప్పుడు మెడ సాగకుంట నిండు గుండ్రం కనపడేటట్టు ముంగటికి, ఎన్కకు జరుపుకోవాలె. రింగు స్క్రూలు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు, రెండు దిక్కుల సమానంగ; బలముందని ఎల్లెన్ కీ మీద మోపితే గొట్టం నొక్కుకపోతది, లోపల టరెట్ ఆగిపోతది. గీత నిలువును మళ్ళ ఆ గుండు దారం మీదనే సరిజూసుకోవాలె. గొట్టం మీద చిన్న నీటిబుడ్డ మట్టం పెట్టుకోవాలె. ఎందుకంటే నాలుగు మిల్లులు ఎత్తినప్పుడు రైఫిల్ మూడు డిగ్రీలు వాలిందనుకో, గుండు 0.2 మిల్లు పక్కకు పోతది. ఐదు వందల మీటర్ల కాడ అది పది సెంటీమీటర్లు. మూడు డిగ్రీల వాలు కంటికి తెల్వదు, బుడ్డకు తెలుస్తది.

ఇంకోటి, అద్దం మీద దుమ్ము పడితే భుజం మీది తువ్వాలతోని తుడవకుండ్రి. మనకాడ గాలిల లేచేది రాతి పొడి, అద్దం మీది పూతను గీకుతది. రబ్బరు బుడ్డితోని ఊది, మెత్తని బ్రష్షుతోని దులిపి, అప్పటికీ మరక ఉంటేనే అద్దాల దుకాణంల దొరికే గుడ్డతోని తుడువాలె. మా అల్లుడు చివరికి 4-16×44 తీసుకున్నడు. పోయిన ఐతారం వచ్చి మా కడీకే బిగించిండు. పది మిల్లులకు 99న్నర వచ్చింది, పది సార్లకు పది సార్లు అదే. స్కోపు మూత లోపల 99.5 అని పెన్నుతోని రాసుకొని పోయిండు.