చిల్లరతో హంపీ యాత్ర – 3వ పాఠం: రౌండ్ ఫిగర్ ధరల ఊళ్ళో చిల్లర ఎక్కణ్ణుంచి తేవాలి

ప్రతి ఖర్చు మీదా కొంత చిల్లర డబ్బాలో పోగేసి, ఆ డబ్బుతో బెంగళూరు నుంచి ఇంటిల్లిపాదీ హంపీ వెళ్ళొద్దామన్నదే ఈ పాఠాల సంగతి. ఈసారి యాత్ర ఖర్చుల పట్టిక వేసే పని పెట్టుకుందామనుకున్నాం కదా, అది వచ్చే పాఠానికి వాయిదా. రెండో పాఠం చదివి మొదలుపెట్టినవాళ్ళలో చాలామందిది ఒకటే గోడు: నెల తిరిగింది, డబ్బాలో వంద రూపాయలు కూడా లేవు. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, డబ్బా గుమ్మం పక్కనే పెట్టారు, పిల్లలు రోజూ ఊపి చూస్తున్నారు, కానీ అందులో వెయ్యడానికి అసలు చిల్లరే ఇంటికి రావడం లేదు. దీన్ని ఇలాగే వదిలేసి పట్టిక వేస్తే అది కాగితం మీదే ఉండిపోతుంది, అందుకని ముందు ఈ ముడి విప్పుదాం.

బెంగళూరులో మీ ఒక రోజు ఖర్చు గుర్తు చేసుకోండి. పొద్దున్న దర్శినిలో ఇడ్లీ, కాఫీ కలిపి 60. ఆటోకి 100. మధ్యాహ్నం బేకరీలో టీ, బన్ను 40. సాయంత్రం తోపుడుబండి దగ్గర కొత్తిమీర, కరివేపాకు 20. అన్నీ సున్నాతో ముగిసే ధరలే, అన్నీ ఫోన్లో స్కాన్ చేసి కట్టినవే. పోయిన పాఠంలో చెప్పినట్టు ప్రతి ఖర్చునీ పై పదికి తెచ్చి తేడా పక్కన పెడదామంటే 60కి పై పది 60యే, తేడా సున్నా. అంటే మీరు సూత్రం తప్పలేదు, రోజంతా అక్షరాలా పాటించారు, అయినా డబ్బాలో పడాల్సింది ఏమీ లేదు. పైగా నోటిస్తే చిల్లర వస్తుంది గానీ ఫోన్లో కడితే పైసలతో సహా సరిగ్గా అంతే పోతుంది.

కొందరు దీనికి మందుగా మళ్ళీ నోట్లు వాడటం మొదలుపెట్టారు. తప్పేం లేదు, వీలైతే మంచిదే. 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకి కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ జీఎస్టీ నోటీసులు పంపినప్పుడు మన వీధుల్లో చాలా అంగళ్ళు క్యూఆర్ కోడ్ కాగితం పీకేసి 'క్యాష్ మాత్రమే' అని బోర్డు పెట్టడం మీరూ చూసే ఉంటారు. ఆ రోజుల్లో ఇళ్ళల్లోకి నాణేలు బాగానే వచ్చాయి. అయితే చిల్లర కోసమని 500 నోటు విడిపించడానికి అక్కర్లేని బిస్కెట్ ప్యాకెట్ కొనడం మాత్రం చెయ్యొద్దు. అలా కొన్నవాళ్ళు ఉన్నారు. 30 రూపాయల వస్తువు కొని 20 రూపాయల నాణేలు డబ్బాలో వేస్తే ఇంటి మీద 30 బరువు పడినట్టే కదా.

ఇక రెండో పాఠంలోని సూత్రానికి రెండో సగం. ఇవాళ్టి నుంచి రెండు గీతలు పెట్టుకోండి. వంద లోపు ఖర్చుని పై పదికి తెండి, అప్పటికే సున్నాతో ముగిస్తే కళ్ళు మూసుకుని 5 రూపాయలు వేసెయ్యండి. వంద, ఆ పైన ఖర్చుని పై యాభైకి తెండి, అప్పటికే 50తోనో 00తోనో ముగిస్తే 10 వెయ్యండి. అద్దె, స్కూలు ఫీజు, ఈఎంఐ, చిట్టీ వాయిదా ఈ లెక్కలోకి రావు.

పై రోజునే, ఇంకో రెండు ఖర్చులు కలిపి మళ్ళీ చూడండి. ఇడ్లీ, కాఫీ 60, దానికి 5. ఆటో 100, దానికి 10. బేకరీ 40కి 5, కొత్తిమీరకి 5. దార్లో సహకార సంఘం పళ్ళ అంగడి హాప్‌కామ్స్‌లో బొప్పాయి తూకం వేయిస్తే 37 అయింది, దానికి 3. సూపర్ మార్కెట్ బిల్లు 483, పై యాభై 500, కాబట్టి 17. మొత్తం 45. పాత సూత్రంతో ఇదే రోజుకి హాప్‌కామ్స్ 3, సూపర్ మార్కెట్ 7, కలిపి 10 మాత్రమే. బిల్లు 1,201 వస్తే 49 వెయ్యాలి, 1,249 వస్తే ఒక్క రూపాయి వేస్తే చాలు. ఇది అన్యాయం కదా అని అడుగుతారు. అడగొద్దు, నెల మొత్తం మీద సర్దుకుంటుంది. వంద దాటిన బిల్లుకి సగటున దాదాపు 25 పడుతుంది, చిన్న ఖర్చుకి 5 పడుతుంది. రోజుకి నాలుగు చిన్నవి, ఒక పెద్దది అనుకుంటే 45, నెలకి 1,350. నలుగురున్న ఇంటికి హంపీ యాత్ర మొత్తం దీంతోనే అయిపోదు, అవ్వాలనీ మొదటి పాఠం నుంచి నేను అనలేదు. రైలు టికెట్లు దీంతో వచ్చేస్తే మిగతాది జీతంలోంచి పెట్టడానికి ఎవరికీ మనసు కష్టంగా ఉండదు.

ఫోన్లో కట్టిన ప్రతిసారీ వెంటనే 5 రూపాయలు యాత్ర కోసం పెట్టుకున్న వేరే ఖాతాకి పంపుతున్నవాళ్ళు అది మానేయండి. పాస్‌బుక్ నిండిపోతుంది, విసుగొస్తుంది, రోజుకి ఇన్ని లావాదేవీలే అని బ్యాంకులు పెట్టిన పరిమితికీ తగులుతుంది. రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో ఆ రోజు చెల్లింపుల జాబితా తెరిచి, కూడి, ఒక్కసారే పంపండి. నోట్ల ఖర్చుకైతే చేతిలో ఉన్న నాణేలు డబ్బాలోకి. నేను తొమ్మిదిన్నరకి అలారం పెట్టుకుంటాను, మీరు మీ ఇంటి వేళని బట్టి పెట్టుకోండి. డబ్బు చేరే ఆ ఖాతా మాత్రం మీ ఫోన్లో యూపీఐకి లింక్ అయి ఉండకూడదు, ఈ ఒక్క విషయంలో నేను పట్టు వదలను. లింక్ లేకపోయినా ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కొట్టి యూపీఐ యాప్‌లోంచే డబ్బు పంపొచ్చు, లోపలికి వెళ్తుంది, స్కాన్ చేసి బయటికి తియ్యడం మాత్రం కుదరదు. ఇంట్లో ఎవరి పేరుతోనైనా వాడకుండా పడున్న సేవింగ్స్ ఖాతా ఉంటే అదే చాలు. మినిమం బ్యాలెన్స్ గురించి టెన్షన్ పడేవాళ్ళకి, స్టేట్ బ్యాంక్ ఎప్పుడో తీసేసింది, కెనరా బ్యాంక్ కూడా 2025 జూన్ నుంచి తీసేసింది.

రోజూ కొంచెం కొంచెం డిజిటల్ బంగారం కొనే యాప్‌ల గురించీ అడిగారు. యాత్ర డబ్బుకి వద్దు. కొనేటప్పుడే 3 శాతం జీఎస్టీ పోతుంది, కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య తేడా ఇంకొంత పోతుంది. అయిదారు నెలల్లో తియ్యాల్సిన డబ్బుకి ఈ కోత అనవసరం. ఈ డిజిటల్ బంగారం తమ నియంత్రణలో లేదని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది కూడా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రెండో పాఠం తర్వాత మీరు రాసినవాటిలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది డబ్బా ఖాళీగా ఉండటం కాదు. 'డబ్బాలో పెద్దగా లేదు గానీ ఈ నెల 1,400 ఆదా చేశాం' అన్న మాట. ఆ 1,400 ఎక్కడుంది అంటే ఎక్కడా లేదు. ఆఫర్లో మిగిలింది, బేరంలో మిగిలింది, బస్సులో మిగిలింది, అన్నీ కూడితే అంత. మిగిలిన మాట నిజమే కావచ్చు. కానీ ఆ డబ్బు మీ జీతం ఖాతాలోనే ఉండిపోయింది, అక్కడ ఉన్న డబ్బు శనివారం బయట భోజనానికో, ఆదివారం సినిమాకో పోయింది. చోటు మారని డబ్బుని ఈ పాఠాల్లో ఎక్కడా లెక్కలోకి తీసుకోం.

ఒక్కొక్కటే చూద్దాం, ఎందుకంటే అన్నీ ఒకే రకం కావు.

బస్సు సంగతి. 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద కర్ణాటకలో ఉంటున్న ఆడవాళ్ళకి మామూలు బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఏసీ వజ్ర బస్సులకి వర్తించదు. ఇక్కడి అడ్రసు ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. బెంగళూరులో ఏళ్ళుగా ఉంటూ ఆధార్‌లో ఇంకా అనంతపురమో చిత్తూరో ఉన్నవాళ్ళు మనలో బోలెడుమంది, ముందు అది మార్చుకోండి. ఇప్పుడు లెక్క. ఇంటావిడ ఆఫీసుకి అంతకుముందు ఒకవైపు 20 రూపాయల టికెట్ కొనేది అనుకుందాం. రానూపోనూ 40, నెలకి 22 పనిరోజులంటే 880. ఇది నిజంగా అంతకుముందు చేతిలోంచి పోయిన డబ్బు, ఇప్పుడు పోవడం లేదు. కాబట్టి జీరో టికెట్ తీసుకున్న ప్రతి రోజూ రాత్రి ఆ 40 రూపాయలు ఖాతాకి వెళ్ళాలి. పంపితేనే 880 యాత్రది, పంపకపోతే అది ఎవరిదీ కాదు. ఆవిడ ఇంతకుముందు ఆఫీసు క్యాబ్‌లో ఊరికే వెళ్ళేది, ఇప్పుడు బస్సెక్కుతోంది అంటే మాత్రం పంపడానికి ఏమీ లేదు. అంతకుముందూ సున్నా, ఇప్పుడూ సున్నా.

సూపర్ మార్కెట్ బిల్లు కింద 'మీరు ఆదా చేసినది 112' అని అచ్చువేసి ఇస్తారు. ఆ అంకెని నేను ముట్టుకోను. అది ఎమ్మార్పీకీ వాళ్ళ ధరకీ ఉన్న తేడా. మీరు పోయిన నెల కూడా అదే అంగట్లో అదే ధరకి కొన్నారు, ఎమ్మార్పీ పెట్టి ఎప్పుడూ కొనలేదు. అది నమ్మి రాత్రి 112 పంపితే ఇంటి ఖర్చులో కన్నం పడుతుంది, పదిహేను రోజుల్లో యాత్ర డబ్బులోంచే వెనక్కి తీసుకుంటారు. మెట్రోలో టోకెన్ బదులు కార్డు వాడితే 5 శాతం తగ్గుతుంది. నిన్నటి దాకా టోకెన్ కొని ఇవాళ కార్డుకి మారితే ఆ తేడా పంపండి, ఎప్పటినుంచో కార్డే వాడుతుంటే వద్దు. ఆటో అతను 150 అడిగి 130కి ఒప్పుకుంటే 20 మిగిలిందంటారు. పోయిన వారం ఇదే దూరానికి ఎంత ఇచ్చారు? 130 అయితే ఏమీ మిగల్లేదు, 150 అయితే 20 పంపండి. క్యాష్‌బ్యాక్ ఖాతాలో నిజంగా పడితే అంతా పంపండి, కూపన్ రూపంలో వస్తే వదిలేయండి. ఫుడ్ యాప్‌లో బిర్యానీ చెప్పబోయి మానేసి ఇంట్లో వండుకున్నారు, 350 మిగిలింది అంటారు. ప్రతి శుక్రవారం తెప్పించుకునే ఇల్లయితే మిగిలినట్టే, వండిన సరుకుల ఖర్చు తీసేసి మిగతాది పంపండి. ఎప్పుడో ఒకసారి మనసై మానుకున్నదైతే లెక్కలేదు.

కాబట్టి ఏ ఆదా కనబడినా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇదే పనికి పోయినసారి నిజంగా ఎంత ఇచ్చాను? ఆ జవాబు మీద తేడా ఉంటే ఆ రాత్రే పంపండి. రేపు కలిపి పంపుదాం, నెలాఖరుకి ఒకేసారి లెక్క వేద్దాం అన్నవాళ్ళెవరూ పంపలేదు, మీ ఉత్తరాలే సాక్ష్యం.

నాణేల గురించి రెండు మాటలు. పది రూపాయల నాణెం చెల్లదని కొన్ని అంగళ్ళు ఇప్పటికీ తిప్పి పంపుతున్నాయి. 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018లోనే ప్రకటించింది. బ్యాంకులో జమ చెయ్యడానికి నాణేలకి పరిమితి లేదు. రూపాయి, రెండు రూపాయల నాణేలు వందేసి ఒక్కో ప్లాస్టిక్ కవర్లో కట్టి తీసుకెళ్తే క్యాషియర్‌కీ మీకూ సుఖం, నెల మొదటి వారం మాత్రం వెళ్ళకండి. పది రూపాయల నాణేలు వంద కలిపితే ముప్పావు కిలో పైచిలుకు తూగుతాయి, ఇంట్లో వంటింటి తూకం ఉంటే లెక్కపెట్టే పని తప్పుతుంది. సిటీ బస్సు కండక్టర్ టికెట్ వెనక రాసిచ్చిన చిల్లర దిగేముందు అడిగి తీసుకోండి, మొహమాటపడొద్దు.

డబ్బా ఎప్పుడు తెరవాలో చాలామంది అడిగారు. 2024 నవంబరు 1 నుంచి రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుచుకుంటున్నాయి, అంతకుముందు 120 ఉండేది. తిరుగు రైలు ఎక్కే తేదీ పెట్టుకుని 60 రోజులు వెనక్కి లెక్కపెట్టండి, ఆ పొద్దున్నే డబ్బా, ఖాతా రెండూ ఖాళీ చేసి రాత్రి పూట హంపీకి దగ్గరి స్టేషన్ హొసపేటకి వెళ్ళే హంపీ ఎక్స్‌ప్రెస్‌లో రానూపోనూ టికెట్లు కొనేయండి. డబ్బుగా ఉన్నంతకాలం దాని మీద ఇంట్లో అందరి కన్నూ ఉంటుంది, టికెట్ అయ్యాక ఉండదు. అయిదేళ్ళ లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, 5 నుంచి 12 లోపు వాళ్ళకి బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ. టికెట్ల తర్వాత పోగైన చిల్లర హంపీలో చేతి ఖర్చుకి. విఠల దేవాలయం టికెట్ మనిషికి 40, పదిహేనేళ్ళ లోపు పిల్లలకి ఉచితం.

సాధన. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. ఇరవై ఒక్క రోజులు ఇంట్లో డబ్బు ఖర్చుపెట్టే ప్రతి ఒక్కరూ, కాలేజీ పిల్లలతో సహా, ప్రతి ఖర్చుకీ నాలుగు గళ్ళు రాయాలి: ఎంత ఇచ్చాను, గీత ప్రకారం ఎంత వెయ్యాలి, పోయినసారికీ ఇప్పటికీ తేడా ఎంత, రాత్రి పంపానా లేదా. ఒక్క రోజు తప్పితే మళ్ళీ ఒకటో రోజు నుంచి. మధ్యలో ఒక శనివారం, నెలలో రెండోదీ నాలుగోదీ కాకుండా చూసుకుని, నాణేలు కవర్లలో కట్టి పిల్లల్ని వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్ళి జమ చేసి రావాలి, రసీదు డబ్బాకి అంటించాలి. నాలుగో గడిలో 'లేదు' అని ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి ఉంచుకోండి, ఖర్చుల పట్టిక ఆ అంకెతోనే మొదలవుతుంది.