ప్రకృతి పరిశీలన, నాలుగవ పాఠం: జిల్లేడు మొక్క దగ్గర ఒక గంట

గత మూడు పాఠాలలో కాండం మీద ఆకుల అమరికను, పువ్వులోని భాగాలను, కీటకాన్ని సాలీడు నుంచి వేరుచేసే గుర్తులను విడివిడిగా చూశాము. ఈ పాఠంలో ఆ మూడింటినీ ఒకే చోట ఉపయోగిస్తాము. ఇందుకోసం అడవికి వెళ్ళవలసిన పని లేదు. చెరువు గట్టు మీదనో, రైలు కట్ట పక్కనో, ఇళ్ళు కట్టకుండా వదిలేసిన స్థలంలోనో పెరిగిన ఒక్క జిల్లేడు మొక్క చాలు. కనిపించిన ప్రతి పురుగుకూ పేరు వెతకడం మొదలుపెట్టిన వారు నెల తిరగకముందే విసిగిపోవడం నేను చాలాసార్లు చూశాను. మన దేశంలో సీతాకోకచిలుకలే వెయ్యికి పైగా జాతులు ఉన్నాయి కాబట్టి అది సహజమే. మొదట మొక్కను గుర్తించి, దాని మీద ఎవరెవరు బతుకుతారో తెలుసుకున్నవారికి ఆ వెయ్యి జాతులు నాలుగైదుకు తగ్గుతాయి. జిల్లేడు పాలు చేదు, విషం. ఆ ఆకు తిని బతకగలిగిన పురుగులు కొద్ది మాత్రమే. అందుకే తొలి అభ్యాసానికి ఈ మొక్కను ఎంచుకున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. ఆకు తుంచినా, కొమ్మ విరిచినా కారే తెల్లని పాలు కంటిలో పడకూడదు. ఆ పాలు కంటి నల్లగుడ్డు పైపొరను వాచేలా చేసి చూపును మసకబారుస్తాయి. కొందరికి నొప్పి కూడా తెలియదు కాబట్టి ఏమీ కాలేదనుకొని ఊరుకునే ప్రమాదం ఉంది. పాలు అంటిన వేళ్ళతో కళ్ళు నులుముకోవద్దు. పొరపాటున పడితే ధారాళంగా నీళ్ళతో కడిగి, వెంటనే కంటి వైద్యుని వద్దకు వెళ్ళాలి. పిల్లలతో కలిసి పరిశీలనకు వెళ్ళేవారు ఈ మాటను ఇంటి దగ్గరే చెప్పి బయలుదేరాలి.

ఇక మొక్క. రథసప్తమి నాడు తలమీద, భుజాలమీద పెట్టుకొని స్నానం చేసే ఆకు ఇదే. వినాయక చవితి పత్రిలో అర్కపత్రం అనేదీ ఇదే. కాబట్టి తెలుగువారిలో చాలామందికి దీనిని చూడగానే పేరు తెలుస్తుంది. అయితే పేరు తెలియడం వేరు, ఏ గుర్తుల వల్ల ఆ పేరు పెడుతున్నామో చెప్పగలగడం వేరు. ఆకులు ఒక కణుపు దగ్గర రెండేసి చొప్పున ఎదురెదురుగా ఉంటాయి; ఒక జత తూర్పు పడమరలుగా ఉంటే దాని పై జత ఉత్తర దక్షిణాలుగా తిరిగి ఉంటుంది. తొడిమ దాదాపు ఉండదు. ఆకు అడుగుభాగం హృదయాకారంలో చీలి కాండాన్ని సగం చుట్టుకొని ఉంటుంది. లేత ఆకు వెనుక వైపు వేలితో రుద్దితే తెల్లని నూగు పొడిలా చేతికి వస్తుంది. ఈ నాలుగు గుర్తులూ పుస్తకంలో రాసుకున్న తరువాతనే పేరు రాయండి. ఈ వరుసను తలకిందులు చేయవద్దని మొదటి పాఠం నుంచి చెబుతున్నాను, ఇక ముందు కూడా చెబుతాను.

జిల్లేడు అని తేలిన తరువాత, ఏ జిల్లేడు అనే ప్రశ్న మిగులుతుంది. మన నేల మీద రెండు జాతులు కనిపిస్తాయి. శాస్త్రజ్ఞులు వాటిని కాలోట్రోపిస్ జైగాంటియా, కాలోట్రోపిస్ ప్రొసెరా అంటారు. ఆకును చూసి వీటిని వేరుచేయబోతే తికమక పడతాము, పువ్వును చూస్తే తేలిక. జైగాంటియా పువ్వు పెద్దది. దాని ఐదు రేకులు వెల్లకిలా విచ్చుకొని, కొనలు వెనక్కి వంగి ఉంటాయి, మొగ్గ కొంచెం కోలగా ఉంటుంది. ప్రొసెరా పువ్వు చిన్నది. రేకులు గిన్నె అంచులా పైకి నిలబడి ఉంటాయి, తెల్లని రేకు కొనన ముదురు ఊదా రంగు మచ్చ స్పష్టంగా ఉంటుంది, మొగ్గ గుండ్రంగా ఉంటుంది. రంగును బట్టి నిర్ణయం చేయవద్దు. ఇళ్ళలో పూజకు పెంచుకొనే తెల్ల జిల్లేడు చాలా చోట్ల జైగాంటియాలోని తెల్లపూల రకమే కానీ మూడవ జాతి కాదు. రంగు మారినా రేకు నిలబడే తీరు మారదు. గుర్తింపులో ఆకారానికి మొదటి స్థానం, రంగుకు చివరి స్థానం ఇవ్వాలన్న సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పువ్వు దగ్గర ఇంకొంతసేపు ఆగండి. పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దంతో పువ్వు నడిమధ్యను చూస్తే ఐదు మూలలున్న చిన్న బల్ల వంటి భాగం కనిపిస్తుంది, దాని చుట్టూ ఐదు కండగల తమ్మెలు కిరీటంలా నిలబడి ఉంటాయి. బల్ల ప్రతి మూల దగ్గర ఆవగింజ కంటే చిన్నదైన నల్లని చుక్క ఒకటి ఉంటుంది. సన్నని సూది మొనను ఆ చుక్క కిందుగా పోనిచ్చి మెల్లగా పైకెత్తితే, ఆ చుక్కతో పాటు పసుపు రంగు చిన్న సంచులు రెండు జతగా ఊడి వస్తాయి. జిల్లేడు పుప్పొడి మందార పుప్పొడిలా పొడిగా రాలదు, ఇలా సంచులలో మూట కట్టి ఉంటుంది. తేనె కోసం వచ్చిన కీటకం కాలు ఆ చీలికలో జారి, పైకి లాగుకొన్నప్పుడు నల్లని చుక్క పట్టుకారులా కాలికి కరుచుకొంటుంది. రెండు సంచులూ కాలికి వేలాడుతూ మరో పువ్వుకు చేరతాయి. ఇంత బరువైన పనికి బలమైన కీటకం కావాలి. నల్లని ఒళ్ళు, ఎండలో నీలి ఊదా మెరుపునిచ్చే రెక్కలు, బొంయ్‌మనే గట్టి చప్పుడు గల తుమ్మెద ఆ పని చేస్తుంది. ఎండు కొయ్యలోనూ వెదురులోనూ తొలుచుకొని గూడు పెట్టే ఆ తుమ్మెద పువ్వు మీద వాలినప్పుడు కాళ్ళ వైపు చూడండి. పసుపు సంచులు వేలాడుతూ కనిపించిన రోజున, ఆ సమయాన్ని కూడా రాసుకోండి.

ఇప్పుడు ఆకుల అడుగు వైపుకు వద్దాము. లేత ఆకు వెనుక ఒంటరిగా అతికించిన, నిలువు గీతలున్న తెల్లని గుడ్డు ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకది కావచ్చు. దానికి మనలో స్థిరపడిన తెలుగు పేరు లేదు కాబట్టి లోకమంతా వాడే పేరునే వాడుతున్నాను. శాస్త్రీయనామం డానస్ క్రిసిప్పస్. గుడ్డు నుంచి బయటపడిన పిల్ల పురుగు మొదట తన గుడ్డు పెంకునే తింటుంది. పెరిగిన గొంగళి పురుగు ఒళ్ళంతా నలుపు, తెలుపు అడ్డపట్టీలు, వాటి మధ్య పసుపు మచ్చలు ఉంటాయి. వీపు మీద మెత్తని నల్లని కొమ్ములు మూడు జతలు ఉంటాయి. ఆ కొమ్ములను తప్పక లెక్కపెట్టండి. ఇదే కుటుంబంలో గన్నేరు ఆకు తినే కామన్ క్రో గొంగళి పురుగుకు నాలుగు జతలు, జిల్లేడుకు బంధువులైన పాలతీగల మీద పెరిగే బ్లూ టైగర్ గొంగళి పురుగుకు రెండు జతలు ఉంటాయి. ఆకులో పాలు ధారగా ప్రవహించకుండా గొంగళి పురుగు ముందుగా ఈనెను కొరికి, ఆ పైన ఉన్న భాగాన్ని తింటుంది. సగం తెగిన ఈనె, దాని చుట్టూ ఎండిన పాల మరక కనిపిస్తే పురుగు ఆ దగ్గరలోనే ఉందని వెతకవచ్చు.

రెక్కలు వచ్చిన ప్లెయిన్ టైగర్‌ను గుర్తించడం తేలికని అందరూ అనుకుంటారు. పండిన నారింజ రంగు రెక్కలు, ముందు రెక్క కొన నలుపు, ఆ నలుపులో తెల్లని అడ్డపట్టీ, నెమ్మదైన ఎగురుడు. నేను కూడా అలాగే అనుకొని రెండేళ్ళ పాటు మా ఊరి చెరువు గట్టు మీద ఇలాంటి ప్రతిదాన్నీ అదే పేరుతో రాసుకున్నాను. తరువాత ఒక వానాకాలంలో పాత ఫోటోలను పెద్దవిగా చేసి చూస్తున్నప్పుడు, వాటిలో రెండు వేరే జాతివని తెలిసింది. అవి డానెయిడ్ ఎగ్‌ఫ్లై ఆడవి, శాస్త్రీయనామం హైపోలిమ్నస్ మిసిప్పస్. జిల్లేడు తిని పెరిగిన ప్లెయిన్ టైగర్‌ను పక్షులు ఇష్టపడవు కాబట్టి, రుచికి లోపం లేని ఈ రెండవ జాతిలో ఆడది అచ్చం దాని వేషం వేసుకొని తిరుగుతుంది. దాని మగది మాత్రం నల్లని రెక్కల మీద నీలి అంచు గల పెద్ద తెల్లని మచ్చలతో పూర్తిగా వేరుగా ఉంటుంది.

తేడా వెనుక రెక్కలో ఉంది. ప్లెయిన్ టైగర్ వెనుక రెక్క మధ్యలో నల్లని చుక్కలు మూడు ఉంటాయి. మగదానికి అదనంగా వాసన పొర ఉండే నాలుగవ మచ్చ ఉంటుంది కాబట్టి ఆడ మగలను కూడా అక్కడే తేల్చవచ్చు. వేషధారి వెనుక రెక్క మీద ముందంచు దగ్గర ఒక్క నల్లని చుక్క మాత్రమే ఉంటుంది. మరొక గుర్తు మొక్క నుంచి వస్తుంది. డానెయిడ్ ఎగ్‌ఫ్లై గొంగళి పురుగు జిల్లేడును ముట్టదు, మనం పప్పులో వేసుకొనే గంగపావిలి కూర మీద పెరుగుతుంది, తెలంగాణలో గంగవాయిలి కూర అనేది ఇదే. కాబట్టి అనుమానం వచ్చిన సీతాకోకచిలుక జిల్లేడు ఆకు వెనుక పొట్ట వంచి గుడ్డు పెడుతుంటే అది ప్లెయిన్ టైగరే. పొలం గట్టున నేలమీద పాకిన గంగపావిలి చుట్టూ తిరుగుతుంటే వెనుక రెక్క చూసేదాకా పేరు రాయకండి. నా పాత పుస్తకంలోని ఫోటో లేని నమోదులను నేను కొట్టివేయలేదు. వాటి పక్కన ‘రెండింటిలో ఒకటి, తేలలేదు’ అని ఎర్ర సిరాతో రాశాను. అలా రాసిన నమోదు కూడా నిజమైన నమోదే.

జిల్లేడు మీద తరచుగా కనిపించే మిగిలిన వాటిని త్వరగా చూద్దాము. పసుపు, నీలి పచ్చ చారలతో రంగు వేసిన బొమ్మలా ఉండే పెద్ద మిడత పోయికిలోసెరస్ పిక్టస్. నా పుస్తకంలో దానిని జిల్లేడు మిడత అని రాసుకుంటాను. దాని పిల్లలు పసుపు పచ్చని ఒంటి మీద సన్నని నల్లని గీతలు, ఎర్రని చుక్కలతో వేరే జాతిలా కనిపిస్తాయి. పట్టుకోబోతే ఒంటి నుంచి ద్రవాన్ని చిమ్ముతాయి కాబట్టి మొహం దగ్గరగా పెట్టవద్దు. లేత కొమ్మ కొనల దగ్గర గుంపులుగా అంటుకొని ఉండే నిండు పసుపు రంగు, నల్లని కాళ్ళ చిన్న పురుగులు పేనుబంక. వాటి మధ్య గుండ్రని అక్షింతల పురుగు, దాని మొసలి ఆకారపు పిల్ల పురుగు రెండూ తిరుగుతూ పేనుబంకను తింటూ ఉంటాయి. పిల్లను తెగులుగా భావించి నలిపేసేవారు ఎక్కువ, అందుకని దాని బొమ్మను ఒకసారి గీసి పెట్టుకోవడం మంచిది.

కాయల మీద ఎరుపు, నలుపు రంగుల నల్లి ఒకటి గింజల కోసం తిరుగుతుంది. పత్తి చేలలో కనిపించే ఎర్ర నల్లి కూడా దూరం నుంచి ఇలాగే ఉంటుంది. భూతద్దంతో తల పైభాగాన్ని చూడండి. జిల్లేడు నల్లికి రెండు పెద్ద కళ్ళ మధ్య గాజుపూసల్లాంటి చిరుకళ్ళు రెండు ఉంటాయి, పత్తి ఎర్ర నల్లికి అవి ఉండవు. నల్లిని పెంకు పురుగు అనుకోకుండా ఉండాలంటే నోటిని చూడాలి: నల్లికి తల కింద మడిచి పెట్టుకొన్న సూది లాంటి ముక్కు ఉంటుంది, పెంకు పురుగుకు కొరికే దవడలు ఉంటాయి.

నమోదు ఎలా ఉండాలో చూపడానికి నా పుస్తకంలోని ఒకటి ఇస్తున్నాను. ‘ఉదయం 7.40. చెరువు గట్టు, తూర్పు వైపు. రాత్రి వాన పడింది, ఇప్పుడు ఎండ. జిల్లేడు, ఛాతీ ఎత్తు, రేకులు వెల్లకిలా, కొనలు వంగి ఉన్నాయి, మొగ్గ కోల. పై నుంచి మూడవ జత ఆకు వెనుక గొంగళి పురుగు 1, పొడవు 3 సెంటీమీటర్లు, కొమ్ములు మూడు జతలు. ఈనె కొరికి ఉంది. తుమ్మెదలు 2, కాళ్ళు కనబడలేదు. ఎర్ర నల్లి 1, చిరుకళ్ళు చూడకముందే ఎగిరింది, తేలలేదు.’ దీనిలో విశేషణాలు లేవు, కొలతలు, లెక్కలు ఉన్నాయి. పదేళ్ళ తరువాత ఎవరు చదివినా ఇందులోని ప్రతి మాటనూ పరీక్షించవచ్చు.

ఫోటోల విషయంలో, మొక్కకు కనీసం ఐదు కావాలి: మొత్తం మొక్క, ఆకు పై భాగం, ఆకు అడుగు భాగం, పువ్వు పక్క నుంచి, మొగ్గ లేదా కాయ. సీతాకోకచిలుకకు రెక్కల పై వైపు, కింది వైపు రెండూ కావాలి. పురుగు పక్కన స్కేలు పెట్టడం మరువవద్దు. వీటిని ప్రకృతి పరిశీలనలను నమోదు చేసే వెబ్‌సైట్లయిన ఐనాచురలిస్ట్‌లో గానీ ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గానీ ఎక్కించవచ్చు. అప్లికేషన్ తక్షణం చూపే పేరు యంత్రం వేసిన ఊహ మాత్రమే. ఐనాచురలిస్ట్‌లో చూసినవారిలో మూడింట రెండు వంతులకు మించి ఒకే జాతి అని ఒప్పుకొన్నప్పుడే ఆ నమోదు పరిశోధన స్థాయికి చేరుతుంది. ఆ ఒప్పుకొనేవారిలో మీరూ ఒకరు కాబట్టి, గుర్తు చూడకుండా యంత్రం చెప్పిన పేరుకు తల ఊపకండి. కీటకాలను పట్టి గుచ్చి ఉంచడం ఈ పాఠాలలో భాగం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కొన్ని సీతాకోకచిలుకలకు కూడా రక్షణ ఇస్తోంది.

వచ్చే పాఠం వచ్చేలోగా ఒకే జిల్లేడు మొక్కను ఎంచుకొని, వారానికి రెండుసార్లు, ఒకసారి ఉదయం, ఒకసారి ఎండ తగ్గాక చూడండి. గుడ్డు దొరికితే ఆ కొమ్మకు నూలు దారం వదులుగా కట్టి, గొంగళి పురుగు ఏ రోజున ఎంత పొడవుందో, ప్యూపాగా, అంటే సీతాకోకచిలుక కాకముందు కదలకుండా వేలాడే దశగా, ఎప్పుడు మారిందో రాయండి. ఆకుపచ్చగానో లేత గులాబీ రంగులోనో వేలాడే ఆ ప్యూపా అదే మొక్క మీద ఉండకపోవచ్చు, చుట్టుపక్కల గడ్డిలోనూ వెతకండి. సూదితో పుప్పొడి సంచుల జతను ఎత్తే అభ్యాసం కనీసం మూడు పువ్వుల మీద చేసి, సంచుల బొమ్మ గీయండి. ఐదవ పాఠంలో తంగేడు, కసింద మొక్కల దగ్గరకు వెళ్ళి, వాటి మీద పెరిగే లేత పసుపు, ఆకుపచ్చ సీతాకోకచిలుకలను వేరుచేయడం నేర్చుకుంటాము. ఆ రెండు మొక్కల కాయలను వీలైతే ముందుగానే సేకరించి ఉంచుకోండి.