శాన్ వాన్ దీవులకు తెరచాప పడవలో వారం రోజులు: ఆదివారం సంగతి ముందే తేల్చుకోండి

గత సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, సియాటిల్‌కు ఉత్తరాన, శాన్ వాన్ దీవులను అనకోర్టెస్ ఊరి నుంచి వేరుచేసే రొసారియో జలసంధికి పడమటి అంచున ఉన్న జేమ్స్ దీవి దగ్గర మేము నీటి మీద తేలే బోయకు పడవ కట్టుకొని గాలి తగ్గడం కోసం ఎదురుచూస్తున్నాము. మా కళ్ల ముందే 22 అడుగుల తెరచాప పడవ ఒకటి అనకోర్టెస్ వైపు బయలుదేరింది. అందులో ఉన్నది మాకు తెలిసిన తెలుగు కుటుంబమే: భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల పాప. గంటన్నర తరువాత వారి పడవను ఒక చేపల పడవ తాడు కట్టి లాక్కువెళ్లింది. మోటారు ఆగిపోయింది, తెరచాప చిరిగింది, గట్టుకు చేరాక పాప వేళ్లు చలికి కొంకర్లు పోయి లైఫ్ జాకెట్ బకిల్ ఊడదీసుకోలేకపోయిందని ఆ తల్లి తరువాత చెప్పింది. ఆ గాలిలో ఎందుకు బయలుదేరారని అడిగితే, సోమవారం ఉదయం తొమ్మిదింటికి మీటింగు ఉందని పాప తండ్రి అన్నారు.

సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్లలో ట్రెయిలరు మీద లాక్కుపోగల చిన్న తెరచాప పడవలు కొనేవారు పెరుగుతున్నారు గనుక, ఈ వేసవి యాత్రలు మొదలయ్యేలోపు దీన్ని రాస్తున్నాను. లైఫ్ జాకెట్, రేడియో, మంటలార్పే సిలిండరు వంటి వాటి గురించి పడవ అమ్మినవారే మీకు చెప్పి ఉంటారు. నేను చెప్పదలచినది ముఖ్యంగా తిరుగు ప్రయాణపు రోజు గురించి.

ఐదు రోజుల సెలవుకు అటూ ఇటూ శని, ఆదివారాలు కలిపితే తొమ్మిది రోజులు వస్తాయి. అందరూ ఆ తొమ్మిది రోజులనూ దీవులకే పంచి, చివరి ఆదివారం మధ్యాహ్నం జలసంధి దాటి, సాయంత్రానికి పడవను ట్రెయిలరు మీదికి ఎక్కించి, రాత్రికి ఇంట్లో ఉండేలా లెక్క వేసుకుంటారు. ఈ లెక్కే మనుషులను ముంచుతుంది. వారమంతా గాలి చూసి, నీరు చూసి, ఆచితూచి నడిచినవారే ఆ ఒక్క పూట వేటినీ చూడకుండా బయలుదేరడం నేను మూడు నాలుగుసార్లు చూశాను. జలసంధి దాటే రోజును శుక్రవారంగా పెట్టుకోండి. శనివారం, ఆదివారం ఖాళీగా ఉండాలి. శుక్రవారం వాతావరణం బాగుండి ముందే చేరుకుంటే, అనకోర్టెస్ దగ్గరి గెమెస్ దీవి పక్కన రెండు రోజులు తిరగండి, లేదా ఇంటికి వెళ్లి పడవ కడుక్కోండి.

ఆ జలసంధి ఎందుకంత కష్టమో తెలిస్తే ఈ నియమం మీకు అతిగా అనిపించదు. అనకోర్టెస్‌లోని వాషింగ్టన్ పార్కు రేవు నుంచి, దీవుల మధ్యకు దారితీసే థాచర్ పాస్ అనే సందు వరకు దూరం దాదాపు నాలుగు నాటికల్ మైళ్లు (ఒక్కొక్కటి సుమారు 1.85 కిలోమీటర్లు) మాత్రమే, అంటే నాలుగు నాట్ల (గంటకు నాలుగు నాటికల్ మైళ్ల) వేగంతో వెళ్లే పడవకు ఒక గంట. అయితే అక్కడ పోటు వేళ నీరు ఉత్తరానికి, ఆటు వేళ దక్షిణానికి పారుతుంది. ప్రవాహం రెండు నాట్లు ఉంటే, మీరు ముక్కుసూటిగా వెళుతున్నామనుకున్న ఆ గంటలోనే రెండు మైళ్లు పక్కకు కొట్టుకుపోయి ఉంటారు. దీనికి తోడు దక్షిణం నుంచి గాలి వీస్తుండగా ఆటు దక్షిణానికి పారితే, గాలీ నీరూ ఎదురెదురుగా ఢీకొని, అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనుక ఒకటి ఊపిరి ఆడనివ్వకుండా వస్తాయి. వాతావరణ శాఖ చిన్న పడవల హెచ్చరిక ఇచ్చేది గాలి 21 నాట్లు చేరినప్పుడు. 22 అడుగుల పడవకు ప్రవాహానికి ఎదురుగా వీచే 15 నాట్లే చాలు, కాబట్టి హెచ్చరిక లేదు గనుక వెళ్లవచ్చునని అనుకోవద్దు.

అప్పుడు మోటారు ఉంది కదా అనుకుంటారు. చిన్న పడవల్లో ఔట్‌బోర్డ్ మోటారు వెనుక చెక్కకు వేలాడుతూ ఉంటుంది. ముక్కు అలలోకి దిగినప్పుడల్లా వెనుక భాగం పైకి లేస్తుంది, ప్రొపెల్లర్ గాలిలో గిర్రున తిరిగి అరుస్తుంది, మళ్లీ నీటిలో పడుతుంది. ఆ కుదుపులకు ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి లేచి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. అందుకే మోటారు ప్రశాంతమైన నీటిలో కాక, సరిగ్గా మీకు అవసరమైన చోటే ఆగిపోతుంది. బయలుదేరేముందు ట్యాంకు ఖాళీ చేసి, లోపల టార్చి వేసి చూసి, కొత్త పెట్రోలు పోయండి.

ప్రవాహం గురించి మరొక పొరపాటు ఉంది, బాగా చదువుకున్నవారు కూడా చేసేది. పోటు ఎప్పుడు నిండుతుందో చూసి, అప్పుడే నీరు నిలకడగా ఉంటుందని అనుకుంటారు. నీటి ఎత్తు చెప్పే పట్టిక వేరు, ప్రవాహం చెప్పే పట్టిక వేరు. ఈ దీవుల మధ్య ఉన్న సందుల్లో నీటిమట్టం పెరగడం ఆగిన తరువాత కూడా ప్రవాహం చాలా సేపు అటే పారుతుంది, కొన్ని చోట్ల తేడా గంట దాటుతుంది. నోవా (అమెరికా ప్రభుత్వపు సముద్ర, వాతావరణ సంస్థ) ప్రచురించే ప్రవాహ పట్టికలో ఆ సందు పేరు వెతికి, నీరు మళ్లే సమయాన్ని కాగితం మీద రాసుకోండి. డిసెప్షన్ పాస్ అనే ఇరుకు సందులో ప్రవాహం ఎనిమిది నాట్ల వరకు వెళుతుంది, మీ పడవ గరిష్ఠ వేగం ఆరు నాట్లకు మించదు. అక్కడ పట్టిక చూడకుండా ప్రవేశించడమంటే పడవను నీటి చేతికి అప్పగించడమే.

సరే, శుక్రవారం దాటలేకపోయారు, శనివారం గాలి తగ్గలేదు, ఆదివారం వచ్చింది. అప్పుడు కూడా దారి ఉంది, కానీ దాన్ని ఎవరూ ముందుగా ఆలోచించరు. పడవను దీవుల్లోని ఫ్రైడే హార్బర్‌లోనో ఆర్కస్ దీవి వైపు ఏదైనా మెరీనాలోనో (పడవలు నిలిపే రేవులోనో) అద్దెకు కట్టేసి, నడిచి ఫెర్రీ ఎక్కి అనకోర్టెస్ వెళ్లండి. దీవుల నుంచి అటు వచ్చేవారికి టికెట్ కూడా అడగరు, ఛార్జీ అంతా దీవులకు వెళ్లేటప్పుడే వసూలు చేస్తారు. కారూ ట్రెయిలరూ ఫెర్రీ రేవుకు దగ్గరలోనే ఉంటాయి. పడవను వచ్చే శనివారం తెచ్చుకోవచ్చు. మెరీనా అద్దె ఎంతైనా కానీయండి, చిరిగిన తెరచాప ధరతో పోల్చి చూడండి, ఆ పాప వేళ్లతో పోల్చి చూడండి.

రేవు దగ్గర కూడా తొందరపడవద్దు. ఐ-5 హైవే మీద గంటన్నర పరిగెత్తిన ట్రెయిలరు చక్రపు హబ్ వేడిగా ఉంటుంది. దాన్ని వెంటనే చల్లటి ఉప్పునీటిలో ముంచితే లోపలి గాలి ముడుచుకొని నీటిని బేరింగులోకి పీల్చుకుంటుంది, ఆ బేరింగు తిరుగు ప్రయాణంలో రోడ్డు మీద పోతుంది. హబ్ మీద చేయి పెట్టి, చల్లబడేదాకా ఆగండి. మాస్ట్ (తెరచాప స్తంభం) ఎత్తేముందు తల పైకెత్తి కరెంటు తీగలు ఉన్నాయేమో చూడండి, ఎత్తిన తరువాత పడవను నడిపించబోయే దారంతా చూడండి. అల్యూమినియం మాస్ట్ తీగకు తగిలితే ట్రెయిలరును పట్టుకున్నవారు కూడా మిగలరు.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను.

నీటి వేడి ఆగస్టులో కూడా 10 నుంచి 12 డిగ్రీల సెల్సియస్. పడినవారికి ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు పనిచేసేది పది నిమిషాలు, స్పృహ ఉండేది సుమారు గంట. లైఫ్ జాకెట్ అనేది నీటిలో పడిన తరువాత తొడుక్కునే వస్తువు కాదు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను జలసంధి దాటించవద్దు. వారిని ఫెర్రీలో రమ్మని, దీవి దగ్గర ఎక్కించుకోండి.

లంగరు తాడు పోటు నిండినప్పటి లోతుకు ఐదింతలకు తగ్గకూడదు. ఇక్కడ నీరు ఎనిమిది అడుగులకు పైగా లేచి దిగుతుంది, సాయంత్రం తేలిన చోట తెల్లవారేసరికి పడవ బురదలో ఒరిగిపోవచ్చు.

చీకట్లో నడపవద్దు. నీటిలో సగం మునిగిన దుంగలు కనబడవు.

పొగమంచులో బయలుదేరవద్దు. రొసారియోలో చమురు నౌకలు తిరుగుతాయి, అవి మీ కోసం ఆగవు, ఆగలేవు.

ఫెర్రీ ముందు నుంచి దాటవద్దు.

తలుపులు మూసి కేబిన్‌లో స్టవ్ వెలిగించవద్దు.

గాలి పెరిగిందేమో అనిపించిన క్షణమే తెరచాప కుదించండి.

వీసా స్టాంపు గడువు తీరినవారు హారో జలసంధి దాటి కెనడా దీవుల్లో లంగరు వేయవద్దు.

ఏ రోజు ఎక్కడ ఉంటారో గట్టు మీద ఒకరికి రాసి ఇవ్వండి, మీ కబురు రాకపోతే ఎన్ని గంటలకు కోస్ట్ గార్డ్‌కు ఫోను చేయాలో కూడా రాయండి. ఆ కాగితంలో ఆదివారం సాయంత్రం తప్పక చేరుకుంటామని రాయవద్దు. ఆదివారం వచ్చేసింది కదా అని దాటవద్దు. ఏ రోజైనా సరే, గాలి బాగుంటేనే, నీరు మళ్లిన తరువాతే దాటండి.

"సోమవారం రాలేకపోవచ్చు" అని మేనేజరుకు బయలుదేరేముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఆదివారపు ఫెర్రీ వేళలను కాగితం మీద రాసి కేబిన్ తలుపు లోపలివైపు అంటించండి.