సంక్రాంతి దాటినా చామంతి పూయాలంటే

కార్తీకంలో విరగబూసిన చామంతి డిసెంబరు నడిమికి వాడిపోగానే చాలామంది కుండీ తీసి మూలన పడేస్తారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఆ మొక్క ఇంకో విడత పూస్తుంది.

ముందు వాడిన పూలు తీసేయండి. పువ్వు తల ఒక్కటే గిల్లితే బోడి కాడ మిగిలి ఎండిపోతుంది. కాడ వెంట వేలు కిందికి జరుపుతూ వస్తే ఆకు మొదట్లో కందిగింజంత పచ్చటి చిగురు తగులుతుంది, దానికి అరంగుళం పైన కత్తెరతో కోయండి. పువ్వు నల్లబడేదాకా ఆగొద్దు, రేకుల అంచులు గోధుమ రంగుకు తిరిగితే చాలు, కోసేయొచ్చు.

ఇక అసలు విషయం చీకటి. రాత్రి పొడవుగా ఉంటేనే చామంతి మొగ్గ కడుతుంది, అందుకే అది చలికాలపు పువ్వు. ఒక ఏడాది మా గుమ్మం పక్కన, తెల్లవార్లూ వెలిగే లైటు కింద పెట్టిన కుండీ ఆకులతో గుబురుగా పెరిగింది కానీ ఒక్క మొగ్గ వేయలేదు. అదే మొక్క పిలక మేడ మీద చీకట్లో ఉండి దీపావళికే మొగ్గ తొడిగింది. ఎరువు చాలలేదేమోనని ఎంత టెన్షన్ పడ్డానో! కుండీని పెరటి వైపు మార్చాక సంక్రాంతికి గొబ్బెమ్మల మీదకి మా ఇంటి పూలే వచ్చాయి. పగలు మాత్రం ఐదారు గంటలు ఎండ తగలాలి.

కోతయ్యాక కుండీకి గుప్పెడు వర్మీకంపోస్టు వేసి, పది రోజులకోసారి వేరుశనగ చెక్క పులిసిన నీళ్లకి పదింతలు మామూలు నీళ్లు కలిపి పోయండి. యూరియా వద్దు, ఆకులే పెరుగుతాయి. నీళ్లు పొద్దున్నే, మొక్క మొదట్లోనే పోయండి. ఆకులు తడిస్తే మచ్చలొస్తాయి. చీమలు కాడ ఎక్కుతుంటే పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) ఉందేమోనని అనుమానించండి. అది మొగ్గల కింద నల్లగా గుంపుకడితే లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి.

ఫిబ్రవరి చివర్లో పూలు అయిపోయాక మొక్కను నాలుగంగుళాలు ఉంచి కత్తిరించండి. మొదట్లో వచ్చే పిలకల్ని వేళ్లతో సహా విడదీసి, చిన్న కుండీల్లో నాటి, ఎండాకాలమంతా చెట్టునీడలో కాపాడితే వచ్చే ఏటికి మొక్కలు కొనే పనే ఉండదు.