కంపైల్ అయింది, లోడ్ కాలేదు

పీహెచ్‌పీ (వెబ్‌సైట్ల వెనక నడిచే ప్రోగ్రామింగ్ భాష)కి అదనపు సౌకర్యాలు చేర్చే ఒక ఎక్స్‌టెన్షన్‌ను, అంటే మాడ్యూల్‌ను, సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేశాను. ఎక్స్‌టెన్షన్‌ను కంపైల్‌కు సిద్ధం చేసే పీహెచ్‌పైజ్, ఆ తర్వాత కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ కమాండ్లు... ఎక్కడా ఒక్క ఎర్రర్ లేదు. పీహెచ్‌పీ సెట్టింగ్స్ ఉండే ఐఎన్‌ఐ ఫైల్లో దాన్ని లోడ్ చేయమనే లైనూ చేర్చాను. తీరా చూస్తే మాడ్యూల్ లోడ్ కాదే! రెండు గంటలు టెన్షన్ పడ్డాక ఎర్రర్ మెసేజ్‌ను సరిగ్గా చదివాను (ఆ పని ముందే చేయాల్సింది). మాడ్యూల్ ఏ పీహెచ్‌పీ వెర్షన్‌కు సరిపోతుందో చెప్పే ఏపీఐ నంబర్ 20210902, నడుస్తున్న పీహెచ్‌పీది 20220829. అంటే నేను కట్టింది 8.1కి, నడుస్తున్నది 8.2.

సిస్టంలో రెండు వెర్షన్లూ ఉన్నాయి. ఉత్త పీహెచ్‌పైజ్ అని కొడితే పాతదే పలికింది. మేక్ క్లీన్ చేసి, పీహెచ్‌పైజ్‌కు క్లీన్ ఆప్షన్ ఇచ్చి పాత ఫైళ్లు తీసేశాను. తర్వాత 8.2 పీహెచ్‌పైజ్‌నే పిలిచి, కాన్ఫిగర్‌కు 8.2 పీహెచ్‌పీ-కాన్ఫిగ్ (ఆ పీహెచ్‌పీ ఇన్‌స్టాలేషన్ వివరాలు చెప్పే ప్రోగ్రామ్) ఎక్కడుందో విడిగా చెప్పాను. ఈసారి మాడ్యూళ్ల జాబితాలో పేరు కనిపించింది. వెబ్‌సైట్‌కు మాత్రం దాని పీహెచ్‌పీని నడిపే ఎఫ్‌పీఎం సర్వీస్‌ను రీస్టార్ట్ చేశాకే అందింది.