ముక్కు మూసుకుని పనసతొన తినిపించండి

ఉద్దానం నుంచి చుట్టాలెవరైనా పనసపండు తెస్తే, కోయకముందే ఇల్లంతా ఆ వాసనే కదా. ఈసారి తొనలు ఒలిచాక పిల్లలకు ఊరికే పెట్టేయకండి. ఏ పండు తెచ్చారో చూడని పిల్లనో పిల్లాడినో పిలిచి కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని ముక్కు గట్టిగా పట్టుకోమని, గింజ తీసిన చిన్న ముక్క నోట్లో పెట్టండి. నిదానంగా నమలనివ్వండి. మా మేనకోడలికి ఇలాగే పెడితే "తియ్యగుంది మావయ్యా, ఏటో తెలీట్లేదు" అంది. ముక్కు వదిలిందో లేదో, "పనస!" అని ఒకటే కేక.

నాలుకకు తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా మాంసం పులుసులో తగిలే ఉమామి, అంతే. అది పనసా మామిడా అని చెప్పేది ముక్కే. నములుతుంటే వాసన గొంతు వెనక నుంచి ముక్కు పైభాగానికి ఎక్కుతుంది, అక్కడ దాదాపు 400 రకాల గ్రాహకాలు దాన్ని పట్టుకుంటాయి. వీటి జన్యువుల గుట్టు విప్పినందుకే 2004లో రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు నోబెల్ వచ్చింది. జలుబు చేస్తే చారు కూడా రుచించనిది అందుకే, నాలుక బాగానే ఉంటుంది. కొసన తీపి, వెనక చేదు అని నాలుక బొమ్మ గీసి చెబుతారే, అది మాత్రం పిల్లలకు నేర్పొద్దు. రుచి మొగ్గలున్న చోటల్లా అన్ని రుచులూ తెలుస్తాయి.

కారం అసలు రుచే కాదు. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే మేలుకునే గ్రాహకాన్నే మిరపకాయ కూడా లేపుతుంది, మనం 'మంట' అనేది అందుకే చాలా సరైన మాట. నీళ్లు తాగితే తగ్గదు, పెరుగు పెట్టండి.

చర్మం సంగతి చూడాలంటే జుట్టు ముడిలో పెట్టుకునే యూ పిన్ను చాలు. రెండు కొసలూ సెంటీమీటరు దూరంలో ఉంచి, గుచ్చకుండా వేలికొసకు ఆనిస్తే రెండని చెబుతారు, అదే వీపుకు ఆనిస్తే ఒకటే అంటారు. పొందూరు ఖద్దరు కొనేటప్పుడు బట్టను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తాం చూడండి, అదీ వేలికొసలకు స్పర్శ ఇంత బాగా తెలుస్తుందనే.

ఇక చెవి. పురికొస మధ్యలో స్టీలు గరిటెను కట్టి, పురికొస రెండు చివరలూ చూపుడువేళ్లకు చుట్టుకుని, ఆ వేళ్లతో చెవులు మూసుకుని (లోపలికి ఏదీ దూర్చొద్దు) గరిటెను బల్లకు తగలనివ్వండి. గుడిగంటలా మోగుతుంది! గాలిలో చెదిరిపోవాల్సిన కంపనం దారం గుండా, వేలి గుండా నేరుగా లోపలి చెవికి చేరుతుంది. మీ ఎరుకలో ఎవరింట్లోనైనా బొబ్బిలి వీణ ఉంటే అడిగి ఇంకొకటి చేయండి, అదీ పనస కర్రే. చెవులు మూసుకుని దవడ ఎముకను ఆ చెక్కకు మెల్లగా ఆనించి, తీగ మీటమనండి.