ఇంటి కంప్యూటర్‌లో అడ్మిన్ ఖాతాను, రోజువారీ ఖాతాను వేరు చేసుకోవడం ఎలా?

విండోస్ 11 కంప్యూటర్‌ను మొదటిసారి సిద్ధం చేసుకునేటప్పుడు ఏర్పడే ఖాతా అడ్మినిస్ట్రేటర్ (అడ్మిన్) ఖాతాయే, అంటే కంప్యూటర్ మొత్తానికి సంబంధించిన మార్పులు చేయగలిగే ఖాతా. చాలా ఇళ్లలో పెద్దలూ పిల్లలూ అందరూ ఆ ఒక్కదానితోనే పని కానిచ్చేస్తుంటారు. ఆ ఖాతాలో ఉండగా ఏదైనా హానికరమైన ప్రోగ్రామ్‌ను తెరిచి, అనుమతి అడిగినప్పుడు అలవాటు కొద్దీ ‘యస్’ నొక్కితే, అది సిస్టమ్ ఫైళ్లనూ రక్షణ సెట్టింగులనూ మార్చడమే కాక, మిగతావారి ఫైళ్ల దాకా వెళ్లగలదు. రోజువారీ పనికి, అలాంటి మార్పులు చేసే అధికారం లేని స్టాండర్డ్ ఖాతా చాలు.

ఫైళ్లు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు పాత ఖాతాలోనే ఉంటాయి కాబట్టి, దాన్ని వదిలేయకుండా స్టాండర్డ్‌గా మార్చుకోవడమే సులువైన దారి. అయితే ముందు కొత్త అడ్మిన్ ఖాతా సిద్ధం కావాలి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్ తెరిచి, ‘యాడ్ అకౌంట్’ నొక్కండి. ఈమెయిల్ అడిగినప్పుడు, ఆ వ్యక్తి సైన్ ఇన్ వివరాలు లేవని తెలిపే లింకును, తర్వాత మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా యూజర్‌ను చేర్చే లింకును ఎంచుకోండి. ఖాతాకు పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి; పాస్‌వర్డ్‌ను ఖాళీగా వదిలితే ఈ ఏర్పాటంతా వృథా. పాస్‌వర్డ్ మరిచిపోతే అడిగే భద్రతా ప్రశ్నలు కూడా మూడు ఉంటాయి. వాటి జవాబులు తెలిసినవారు పాస్‌వర్డ్‌నే మార్చేయగలరు కనుక, ఇంటిల్లిపాదికీ తెలిసిన మీ పుట్టిన ఊరి పేరును జవాబుగా ఇవ్వకండి.

కొత్త ఖాతా మొదట స్టాండర్డ్‌గానే ఉంటుంది. ‘ఛేంజ్ అకౌంట్ టైప్’ ద్వారా దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చి, ఒకసారి అందులోకి సైన్ ఇన్ అయి చూసుకోండి. అది సరిగా తెరుచుకున్నాకే, అక్కడి నుంచి పాత ఖాతాను స్టాండర్డ్‌కు మార్చాలి. అడ్మిన్ ఖాతా పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టడం మంచిది. పిల్లలకు విడివిడిగా స్టాండర్డ్ ఖాతాలు ఇవ్వండి.

ఇకపై అడ్మిన్ అనుమతి కావాల్సిన ప్రోగ్రామ్ ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే, స్టాండర్డ్ ఖాతాలో ఒట్టి ‘యస్’ సరిపోదు, అడ్మిన్ పాస్‌వర్డ్ టైప్ చేయాలి. పాస్‌వర్డ్ అడిగే ఆ పెట్టెలో ప్రోగ్రామ్ పేరు, దాని పబ్లిషర్ (తయారీదారు) పేరు కనిపిస్తాయి. పబ్లిషర్ ‘అన్‌నోన్’ అని ఉన్నా, మీరేమీ మొదలుపెట్టకుండానే ఆ పెట్టె వచ్చినా, ‘నో’ నొక్కి ఆగిపోండి.

ఒక పరిమితిని మాత్రం గుర్తుంచుకోవాలి. స్టాండర్డ్ ఖాతాలో నడిచినా, రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే హానికరమైన ప్రోగ్రామ్) ఆ ఖాతాలోని ఫొటోలకు, పత్రాలకు తాళం వేసేయగలదు. అందుకని వాటి నకలును ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉంచి, పని కాగానే డ్రైవ్‌ను విడిగా తీసి పెట్టాలి.